కవి పుట్టిన ఇంట్లోకి వరద వస్తే: ఆరబెట్టడానికీ పునరుద్ధరణకీ ఏళ్లు ఎందుకు పడతాయి?

వరద తీసిన రెండో రోజు ఫొటోలు వస్తాయి: మోకాలి లోతు బురద, తలకిందులైన కుర్చీలు, ఉబ్బిపోయిన పుస్తకాలు. వారానికల్లా బురద ఎత్తేస్తారు, నెలకల్లా ఇల్లు చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. అయినా తలుపులు తెరవరు. ఆరు నెలలు గడుస్తాయి, ఏడాది గడుస్తుంది. "ఇంకా ఏం చేస్తున్నారు, డబ్బులు లేవా, పట్టించుకునేవాళ్లు లేరా?" అని జనం అడుగుతారు. కొన్నిచోట్ల ఆ రెండూ నిజమే కావచ్చు. కానీ అన్నీ సవ్యంగా ఉన్నచోట కూడా పని నెమ్మదిగానే సాగాలి. తడిసిన పాత కట్టడాన్ని, తడిసిన రాతప్రతిని తొందరపెడితే వరద మిగిల్చిన దాన్ని మనమే పాడుచేస్తాం.

ఇంగ్లండ్‌లోని కాకర్‌మత్ పట్టణాన్నే చూడండి. కవి విలియం వర్డ్స్‌వర్త్ 1770 ఏప్రిల్ 7న పుట్టిన ఇల్లు అక్కడే ఉంది. 1745లో కట్టిన ఆ ఇల్లు ఇప్పుడు చారిత్రక కట్టడాలను కాపాడే స్వచ్ఛంద సంస్థ నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. పెరటి తోట అంచునే డెర్వెంట్ నది పారుతుంది. కాకర్ నది వచ్చి డెర్వెంట్‌లో కలిసేది కూడా ఈ ఊళ్లోనే. 2009 నవంబరు 19న రెండు నదులూ పొంగి ఊరి ప్రధాన వీధిని ముంచెత్తాయి, కవి ఇంటి తోట ఛిన్నాభిన్నమైంది. 2015 డిసెంబరులో ఊరు మళ్లీ మునిగింది. కవి చిన్ననాటి జ్ఞాపకాల్లో ప్రేమగా పలికిన నదే ఆయన ఇంటికి ముప్పు తెస్తోంది. నదిని దూరం చేస్తే ఆ ఇంటికి అర్థం తగ్గుతుంది, చేరువగా ఉంచితే ఇల్లు తడుస్తుంది. సాహిత్య స్మారకాల పునరుద్ధరణలో చిక్కంతా ఇలాంటి చోటే ఉంటుంది.

ముందు నాలుగు మాటలు

వార్తల్లో అన్నిటినీ కలిపి పునరుద్ధరణ అనేస్తారు గానీ, పని చేసేవాళ్లకు అవి నాలుగు వేర్వేరు దశలు. మొదటిది స్థిరపరచడం, అంటే నష్టం ఇంకా పెరగకుండా ఆపడం. నీరు తోడడం, కూలేలా ఉన్న గోడకు ఊతం పెట్టడం, తడి పుస్తకాలను గడ్డకట్టించడం దీని కిందికి వస్తాయి. రెండోది పరిరక్షణ: మిగిలిన అసలు వస్తువును మార్చకుండా నిలబెట్టడం. మూడోది పునరుద్ధరణ: ఆధారాలను బట్టి పాత రూపానికి తేవడం. నాలుగోది పునర్నిర్మాణం: పోయినదాన్ని కొత్త సామగ్రితో మళ్లీ కట్టడం. ఒక్క గదిలోనే ఈ నాలుగూ పక్కపక్కన జరుగుతుండవచ్చు. కప్పు గారను పరిరక్షిస్తారు, కిటికీని పునరుద్ధరిస్తారు, కొట్టుకుపోయిన ప్రహరీని కొత్తగా కడతారు.

నీటి బరువు: లోతు రెట్టింపైతే తోపు నాలుగింతలు

గోడకు ఒకవైపు నీరు నిలిచి, రెండోవైపు ఖాళీగా ఉంటే, మీటరు వెడల్పు గోడ మీద పడే తోపును, అంటే నీరు గోడను నెట్టే బలాన్ని, లెక్కకట్టడం తేలికే. లోతును మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 500తో హెచ్చిస్తే కిలోల్లో వస్తుంది. నీరు 0.6 మీటర్లుంటే తోపు 180 కిలోలు. 1.2 మీటర్లయితే 720 కిలోలు. ఆరు మీటర్ల గోడ మొత్తానికి చూస్తే మొదటి సందర్భంలో టన్ను పైచిలుకు, రెండో దాంట్లో నాలుగు టన్నులు దాటుతుంది. ఇది నిలిచిన నీటి లెక్క మాత్రమే. ప్రవాహం, కొట్టుకొచ్చే దుంగలు దీనికి అదనం.

అందుకే బ్రిటన్‌లో కొత్త ఇళ్ల కోసం రాసిన మార్గదర్శకాలు సుమారు 0.6 మీటర్ల దాకానే నీటిని బయట ఆపమంటాయి. అంతకు మించితే లోపలికి రానివ్వమంటాయి. లోపలా బయటా ఒకే మట్టంలో నీరుంటే రెండు తోపులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, గోడ నిలుస్తుంది. సున్నపు అడుసుతో కట్టిన పాత గోడల విషయంలో ఈ హద్దును ఇంకా కిందే పెట్టుకోవాలి. తలుపుకు ఇసుక బస్తాలు అడ్డంపెట్టి ఇంటిని కాపాడామనుకుంటాం. నీరు మరీ పెరిగితే ఆ బస్తాలే గోడ కూలడానికి కారణం కావచ్చు.

ఈ లెక్కే నేలమాళిగలో తిరగబడుతుంది. వీధిలో వరద తీసినా చుట్టూ నేల ఇంకా నీటితో నిండే ఉంటుంది. మాళిగలోని నీటిని పెద్ద పంపు పెట్టి ఒక్కపూటలో తోడేస్తే లోపలి నుంచి ఊతం పోతుంది. బయటి తడి నేల గోడల్ని లోపలికి నెడుతుంది, గచ్చును పైకి ఎత్తుతుంది. సరైన పద్ధతి ఇది: 30 సెంటీమీటర్లు తోడి, మట్టం దగ్గర గోడ మీద గీత పెట్టి, రాత్రంతా ఆగాలి. తెల్లారేసరికి నీరు ఆ గీతను ముంచేసిందంటే బయటి నేల ఇంకా ఒత్తుతోందని అర్థం. మరో రోజు ఆగి మళ్లీ 30 సెంటీమీటర్లే తోడాలి. గీత దాటి రావడం మానేశాకే వేగం పెంచాలి.

గోడ ఎందుకంత నెమ్మదిగా ఆరుతుంది

పాత రాతి గోడ, ఇటుక గోడ లోపలిదాకా నీరు పీలుస్తాయి. ఆరడం మాత్రం ఉపరితలం నుంచే జరుగుతుంది. లోపలి చెమ్మ సన్నని రంధ్రాల గుండా పైకి పాకి రావాలి, అక్కడ ఆవిరవాలి. కట్టడాల నిపుణులు చాలాకాలంగా వాడే ఒక మోటు లెక్క ఉంది: పరిస్థితులు బాగుంటే 25 మిల్లీమీటర్ల మందానికి నెల. 450 మిల్లీమీటర్ల గోడకు 18 నెలలన్నమాట. గాలి రెండువైపులా ఆడితే తగ్గుతుంది. ఒకవైపు సిమెంటు పూతో, ప్లాస్టిక్ రంగో ఉంటే పెరుగుతుంది. ఏడాది తర్వాత కూడా తలుపులు తెరవకపోవడానికి మొదటి కారణం ఈ లెక్కే.

"హీటర్లు పెడితే సరిపోదా?" అనేది సహజమైన ప్రశ్న. వరద నీటిలో, నేలలో, పాత అడుసులో కరిగిన లవణాలుంటాయి. గోడ నెమ్మదిగా ఆరితే ఉప్పు ఉపరితలం దాకా వచ్చి తెల్లగా పూస్తుంది. చూడ్డానికి బాగోదు గానీ హాని తక్కువ. పొడి కుంచెతో దులిపి, రాలిన దాన్ని ఎత్తి బయట పడేస్తే చాలు. నీళ్లతో కడిగితే మాత్రం ఉప్పంతా మళ్లీ గోడలోకే పోతుంది. వేడిగాలి కొట్టి తొందరగా ఆరబెడితే నీరు ఉపరితలం దాకా రాకముందే, గార వెనకే ఆవిరవుతుంది. ఉప్పు అక్కడే స్ఫటికాలుగా పెరిగి గారను లోపలి నుంచి పెళ్లలు పెళ్లలుగా ఊడదీస్తుంది. 250 ఏళ్ల గార వరదను తట్టుకుని హీటరుకు బలైపోతుంది.

కిటికీలు తెరవడానికీ లెక్కుంది. లోపల 15 డిగ్రీల చలి, 95 శాతం తేమ ఉంటే ఘనమీటరు గాలిలో దాదాపు 12 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. బయట 10 డిగ్రీలు, 80 శాతం అయితే ఏడున్నర గ్రాములే. బయట వాన తుంపర పడుతున్నా కిటికీ తెరిస్తే ఇల్లు ఆరుతుంది. ఎండాకాలంలో ఇది తలకిందులవుతుంది. బయట 25 డిగ్రీలు, 70 శాతం అయితే 16 గ్రాములుంటుంది. ఆ గాలి 15 డిగ్రీలున్న మాళిగలోకి వస్తే అక్కడ పట్టేది దాదాపు 13 గ్రాములే, మిగిలింది గోడల మీద చెమటలా పడుతుంది. ఎండగా ఉందని తలుపులన్నీ బార్లా తీసి మాళిగను మళ్లీ తడిపినవాళ్లు చాలామందే ఉన్నారు. శాతాన్ని కాదు, గ్రాముల్ని పోల్చుకోవాలి.

గోడ పూతల్లో ఏది తీయాలి, ఏది ఉంచాలి? సున్నపు గార నీటిలో మునిగినా చాలావరకు బతుకుతుంది, ఆరాక గట్టిపడుతుంది. జిప్సమ్ పూత మెత్తబడి తిరిగి పూర్వపు గట్టితనానికి రాదు. జిప్సమ్ బోర్డు, చలి ఆపడానికి గోడల్లో కూరే కృత్రిమ దూది పొరలు తీసేయాల్సిందే. అసలు ప్రమాదం ఎక్కడంటే, మామూలు ఇళ్లలో పనిచేసే బృందాలు అలవాటుగా మీటరు ఎత్తు దాకా పూత మొత్తం గీకేస్తాయి. కవి కాలం నాటి గార కూడా ఆ చెత్తకుప్పలోకే పోతుంది. అందుకే గోడ మీద చేయి వేయకముందే ఏ భాగం ఏ కాలానిదో గుర్తించి పటం గీయాలి.

తేమ కొలిచే చేతి పరికరం విషయంలోనూ జాగ్రత్త అవసరం. రెండు సూదులు గుచ్చి విద్యుత్తు ఎంత పారుతుందో చూసే పరికరాన్ని ఉప్పు మోసం చేస్తుంది. ఆరిన గోడను కూడా తడిగా చూపిస్తుంది. సందేహం ఉంటే గోడ లోతు నుంచి కాస్త పొడి తవ్వితీసి తూచి, పొయ్యిలో ఆరబెట్టి మళ్లీ తూచాలి. తగ్గిన బరువే అందులోని నీరు.

చెక్క: ఉబ్బిన తలుపును చిత్రిక పట్టొద్దు

నీరు తాగిన చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది. తలుపు బిగుసుకుంటుంది, నేల పలకలు విల్లులా లేస్తాయి. తలుపు పడడం లేదని అంచు చిత్రిక పడితే, ఆరాక వేలు దూరేంత సందు మిగులుతుంది. చాలా పలకలు వాటంతటవే తిరిగి దిగుతాయి. ముందుగా చేయాల్సింది కొన్ని పలకలు ఎత్తి కింద గాలి ఆడనివ్వడం. ఎత్తే ముందు ప్రతి పలకకూ అంకె వేసి, అదే అంకెను గది పటంలోనూ రాయాలి. పలకల కింద చేరిన ఒండ్రును చేత్తోనే తోడాలి. మురుగు కలిసిన ఆ బురద అక్కడే ఉండిపోతే ఏడాది పొడవునా దూలాలకు తేమ అందిస్తూనే ఉంటుంది. చెక్కలో తేమ 20 శాతం కంటే తగ్గేదాకా ఏదీ మూసేయకూడదు. ఆ పైన ఉన్నంతకాలం చెక్కను తినే శిలీంధ్రానికి దారి తెరిచి ఉన్నట్టే.

కాగితానికి గడువు గంటల్లోనే

గోడకు నెలలుంటాయి. కాగితానికి ఉన్నది 48 నుంచి 72 గంటలు. ఆ తర్వాత బూజు మొదలవుతుంది, వేడిగా ఉంటే ఇంకా ముందే. నున్నటి పూత ఉన్న బొమ్మల కాగితానికైతే సుమారు ఆరు గంటలే. పూత జిగురులా మారి పుటలన్నీ ఒక్క దిమ్మగా అతుక్కుపోతాయి, ఒకసారి ఆరితే ఇక విడదీయలేం.

బరువు సంగతి చాలామందికి తట్టదు. సుమారు 1840కి ముందు కాగితంతో అచ్చయిన పుస్తకాలు తమ బరువులో సగటున 80 శాతం దాకా నీరు తాగుతాయి, ఆధునిక పుస్తకాలు 60 శాతం దాకా. ఒక అరలో ఒక్కోటి కిలో బరువున్న పాత పుస్తకాలు 40 ఉంటే, తడిశాక అది 72 కిలోల అర. అలాంటి అరలు ఆరున్న బీరువా బరువు 240 నుంచి 430 కిలోలు దాటుతుంది. పాత చెక్క నేల దాన్ని మోస్తుందా అన్నది ముందు చూసుకోవాలి. పైగా పుస్తకాలు ఉబ్బి బిగుసుకుంటాయి. వెన్ను పట్టి లాగితే వెన్ను చేతికొస్తుంది.

తడి పుస్తకాన్ని తెరవకూడదు, ముడుచుకున్న మూలలు సరిచేయకూడదు. వదులుగా చుట్టి, వెన్ను కిందికి ఉండేలా పెట్టెలో ఒకే వరుసగా నింపి, మైనస్ 20 డిగ్రీలకో అంతకంటే కిందికో గడ్డకట్టించాలి. ఎంత వేగంగా గడ్డకడితే మంచుపలుకులు అంత చిన్నవిగా ఉంటాయి, కాగితపు నారకు హాని అంత తక్కువ. గడ్డకట్టించడం ఆరబెట్టడం కాదు, బూజును చంపడమూ కాదు. అది గడియారాన్ని ఆపుతుంది, అంతే. దాంతో నెలల సమయం దొరుకుతుంది. ఆ తర్వాత శూన్యపు గదిలో పీడనాన్ని 611 పాస్కల్స్ కంటే కిందికి తెస్తే మంచు కరగకుండానే నేరుగా ఆవిరవుతుంది. నీరు ద్రవంగా మారదు కాబట్టి సిరా ఇంకా పాకదు, పుటలు అతుక్కోవు. అయితే బురద, నూనె ఎక్కడివక్కడే ఉంటాయి. జంతుచర్మంతో చేసిన తోలు కాగితాన్ని ఈ పద్ధతికి అప్పగించేముందు నిపుణులు చూడాలి. గాజు పలకల మీది పాత ఫొటోలను అసలు గడ్డకట్టించకూడదు.

రచయిత ఇంట్లో ఉండేవి అచ్చు పుస్తకాలు మాత్రమే కాదు. ఉత్తరాలు, చిత్తుప్రతులు, టైపు కాగితాలు ఉంటాయి. ఒక్కో సిరాది ఒక్కో గుణం. దీపపు మసితో చేసిన నల్ల సిరా నీటిలో కరగదు. గంటంతో గీసి మసి పూసిన తాళపత్రంలో అక్షరం నిలుస్తుంది. అక్కడ ఇబ్బంది ఆకులు ఒకదానికొకటి అంటుకోవడం, ఆరేటప్పుడు వంకరపోవడం. తాడు తీసి, తడిగా ఉండగానే ఒక్కో ఆకునూ విడదీయాలి. యూరప్‌లో శతాబ్దాలపాటు వాడిన ఇనుము, కరక్కాయ తరహా టానిన్ కలిసిన సిరాలో అక్షరం వెంటనే పోదు గానీ, మిగులు ఇనుము నీటితోపాటు పాకి అక్షరం చుట్టూ గోధుమరంగు వలయం వదులుతుంది. ఏళ్ల తర్వాత ఆ వలయం దగ్గరే కాగితం పెళుసుబారి చిరుగుతుంది. రంగు ద్రవ్యాలతో చేసిన సిరాలు, రబ్బరు ముద్రల సిరా క్షణాల్లో కారిపోతాయి. కాబట్టి ముందు ఏది గడ్డకట్టించాలన్నది కాగితం ఖరీదును బట్టి కాదు, సిరాను బట్టి తేలుతుంది.

ఫ్లోరెన్స్ నేర్పినది

ఈ జ్ఞానంలో చాలా భాగం 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది పొంగినప్పుడు మొదలైంది. అక్కడి జాతీయ కేంద్ర గ్రంథాలయంలో దాదాపు పది లక్షల పుస్తకాలు, పత్రాలు దెబ్బతిన్నాయి. ఇళ్లు వేడిచేసే నూనె నీటిలో కలిసి పుటల్లోకి ఇంకింది. దేశదేశాల నుంచి వచ్చిన యువతీయువకులు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పుస్తకాలు పైకి తెచ్చారు. తడి పుస్తకాలను పెద్దఎత్తున గడ్డకట్టించే పద్ధతి అప్పటికి వాడుకలో లేదు. పుటల మధ్య అద్దుడు కాగితాలు పెట్టారు, పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో ఎండబెట్టారు.

బ్రిటన్ నుంచి వెళ్లిన బైండింగ్ నిపుణుల బృందానికి పీటర్ వాటర్స్ నాయకుడు. ఆ బృందంలోని క్రిస్టఫర్ క్లార్క్‌సన్ ఒక విషయం గమనించాడు. గట్టి అట్ట లేకుండా, వెన్నుకు జిగురు పట్టించకుండా, మెత్తని తోలు కాగితాన్ని చుట్టి కుట్టిన సాదాసీదా పుస్తకాలు వరదను బాగా తట్టుకున్నాయి. జిగురు దట్టంగా పూసి తోలు బిగించిన ఖరీదైన బైండింగులు ముడుచుకుపోయి, లోపలి పుటల్నీ నలిపేశాయి. వరద తర్వాత ఆ సాదా కుట్టునే పరిరక్షణ బైండింగుగా తీసుకున్నారు. పుస్తకాన్ని పూర్వపు అందంతో తిరిగి కట్టాలా, బతికి ఉండేలా కట్టాలా అన్న ప్రశ్న అక్కడే గట్టిగా లేచింది.

నీటిని ఆపాలా, రానిచ్చి పంపేయాలా

ఇళ్ల దగ్గరకు వస్తే ఇదే ప్రశ్న మరో రూపంలో నిలబడుతుంది. ఒక వర్గం అడ్డుగోడలు ఎత్తు చేయాలంటుంది. వాళ్ల వాదనలో బలముంది. ప్రతిసారీ తడిసి ఆరే కట్టడం ప్రతిసారీ కొంత పోగొట్టుకుంటుంది. పర్యాటకుల మీద బతికే ఊరు ఏళ్ల తరబడి మూసిన తలుపులతో బతకలేదు.

ఇంకో వర్గం 2015ను చూపిస్తుంది. 2009లో కాకర్‌మత్‌కు పైనున్న సీత్‌వెయిట్‌లో 24 గంటల్లో 316.4 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పటికి అది బ్రిటన్ రికార్డు. ఆ అనుభవంతో ఊళ్లో రక్షణ గోడలు పెంచారు, నీరు వస్తే తనంతట తానే లేచే అడ్డుగోడ కూడా పెట్టారు. ఆరేళ్లకే ఆ దగ్గర్లోని హానిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు పడింది. నీరు గోడల మీదుగా దూకింది. నిన్నటి రికార్డుకు కట్టిన గోడ రేపటి వానకు చాలదు కాబట్టి ఇంటినే తడిసినా తట్టుకునేలా సిద్ధం చేయాలన్నది వీళ్ల మాట: విద్యుత్ తీగలు పైకి జరపడం, కింది అంతస్తులో సున్నపు గార, రాతి గచ్చు మాత్రమే ఉంచడం, నీరు తేలిగ్గా బయటికి పోయే దారి పెట్టడం. దీనికీ ఖరీదుంది. వర్డ్స్‌వర్త్ ఇల్లు చట్టరీత్యా అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడం. దాని రూపాన్ని, అసలు భాగాలను తాకే మార్పులకు అనుమతి కావాలి. కొన్ని మార్పులు కట్టడాన్ని కాపాడతాయి గానీ పాత చెక్కనో గోడనో బలి తీసుకుంటాయి.

రెండువైపుల మాటల్నీ తూచితే, తక్కువ లోతు వరదకు అడ్డుగోడ, ఎక్కువ లోతుకు తట్టుకునే ఇల్లు అనే జోడింపే నిలబడేలా ఉంది. పైన చూసిన తోపు లెక్క కూడా అటే మొగ్గుతుంది. మాళిగ గోడలకు నీరు చొరని పూత వేయడాన్ని మాత్రం సమర్థించడం కష్టం. బయటి నీటిని ఆపే ఆ పూతే లోపలి చెమ్మను గోడలో బంధించి పై అంతస్తు దాకా ఎక్కిస్తుంది.

ఏ కాలానికి తిరిగి తేవాలి

వర్డ్స్‌వర్త్ ఇంటికి 1745 నాటి రూపం ఉంది, కవి బాల్యం నాటి 1770ల రూపం ఉంది, తర్వాతి యజమానుల చేర్పులున్నాయి. 1930ల్లో దాన్ని పడగొట్టి బస్సు స్టేషన్ కట్టాలనుకున్నారు. ఊరివాళ్లు కొని 1938లో ట్రస్టుకు అప్పగించారు. అదీ ఆ ఇంటి చరిత్రే. వరద ఒక గోడ పూతను ఊడదీస్తే దాన్ని ఎప్పటి పూతగా తిరిగి వేయాలి?

పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 వెనిస్ నిబంధనావళి తొమ్మిదో అధికరణం ప్రకారం ఊహ మొదలయ్యేచోట పునరుద్ధరణ ఆగాలి. పన్నెండో అధికరణం ప్రకారం కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో పొసగాలి, అసలుది కాదని తెలియాలి కూడా. రచయిత, రూపశిల్పి విలియం మోరిస్ 1877లో స్థాపించిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘానిదీ ఇదే ధోరణి: పాతదాన్ని గీకి కొత్త పాతదనం తేవొద్దు, ఓపిగ్గా మరమ్మతు చేయండి.

సాహిత్య స్మారకం విషయంలో దీనికి గట్టి ఎదురువాదం ఉంది. జనం అక్కడికి గారను చూడ్డానికి రారు. కవి పెరిగిన ఇల్లు ఎలా ఉండేదో అనుభవించడానికి వస్తారు. అతుకుల గోడ, ఖాళీ గది ఆ అనుభవం ఇవ్వవు. కాకర్‌మత్ ఇల్లు 2004 నుంచి తీసుకున్న దారి దీనికి దగ్గరగా ఉంటుంది. అనేక గదుల్లో ఆ కాలపు నమూనాతో చేసిన ప్రతిరూపాలుంటాయి, సందర్శకులు వాటిని తాకవచ్చు. కవి రాతప్రతుల్లో ఎక్కువ భాగం ఆ ఇంట్లో కాక గ్రాస్మియర్‌లోని వర్డ్స్‌వర్త్ ట్రస్టు దగ్గర భద్రంగా ఉన్నాయి. వరద కోణం నుంచి చూస్తే ఈ ఏర్పాటుకు పెద్ద మేలుంది. ప్రతిరూపం తడిస్తే మళ్లీ చేయించుకోవచ్చు, రాతప్రతిని చేయించలేం. అసలు వస్తువు ఉన్నచోట ఉంటేనే ఆ చోటుకు ప్రాణం అనేవాళ్ల మాటా తోసిపుచ్చేది కాదు. అయితే వాళ్లు కోరే అసలు వస్తువులు కింది అంతస్తులోనే ఉండాలన్న నియమమేమీ లేదు.

ఏది పైకి మార్చాలో, నీరు వస్తున్నప్పుడు ఏది ముందు మోయాలో వరద రాకముందే రాసి పెట్టుకోవాలి. ఆ పట్టికలో వస్తువు పేరు ఒక్కటే ఉంటే చాలదు. ఫొటో, ఏ గది, ఏ మూల, బరువెంత, ఎందరు మోయాలి, గోడకు ఏ మరతో బిగించారు, ఆ మర విప్పే పనిముట్టు ఎక్కడుంది అన్నవీ ఉండాలి. కరెంటు పోతుంది కాబట్టి అది కంప్యూటర్లో కాక, నీరు అంటని కవరులో, కాగితం మీద ఉండాలి. ఒక ప్రతి ఇంటి బయట, అగ్నిమాపక సిబ్బంది చేతికి అందేచోట ఉండాలి.